పదకొండింటికి శ్రీసత్య

ఆ సంవత్సరం కాలవలు కట్టేసిన వారానికే ప్రణతి మా వీధి వరండాలో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుని, "అత్తయ్యగారూ, ఈసారి మన రిట్రీట్‌లో కొన్ని ప్రెజెంటేషన్లు పెడదామండి" అంది.

మేము దాన్ని ఎప్పుడూ రిట్రీట్ అనలేదు. తోటకెళ్ళడం అనేవాళ్ళం. ధవళేశ్వరం బ్యారేజీ తలుపులు దించి కాలవలకు నీళ్ళు ఆపేశాక, రెండో పంట దాళ్వా ధాన్యం ఇల్లు చేరాక, మగవాళ్ళు రొయ్యల చెరువుల్లో ఉప్పు పెరిగిపోతోందని ఫోన్లు పట్టుకుని గట్ల మీద తిరిగే రోజుల్లో, భీమవరంలో మా కుటుంబాల ఆడవాళ్ళం పదిమందిమి వంటిళ్ళు మూసేసి మూడు రోజులు మా కొబ్బరితోటకు పోయేవాళ్ళం. పాలకొల్లు దాటాక, వశిష్ఠ ఒడ్డున ఉంటుంది ఆ తోట. మధ్యలో పెంకుటిల్లు, చుట్టూ నీడ.

అక్కడ కార్యక్రమం అంటూ ఉండేది కాదు. పొద్దున్న టిఫిన్లయ్యాక ఎవరి మనసులో మాట ఉంటే వాళ్ళు ఒక చాప తెచ్చుకుని, నచ్చిన చెట్టు కింద పరిచి, "నేను ఫలానా సంగతి మాట్లాడతాను" అని అందరికీ వినబడేలా చెప్పి కూర్చోవాలి. వినాలనుకున్నవాళ్ళు వచ్చి కూర్చుంటారు. బాగోకపోతే లేచి ఇంకో చాప మీదికి పోతారు. ఎవరూ ఏమీ అనుకోకూడదు. చాప వేసినవాళ్ళు మాత్రం, ఒక్కరూ రాకపోయినా సరే, కాఫీ వచ్చేదాకా లేవకూడదు. ఈ ఆఖరి నియమం నేను పెట్టిందే. మాట ఉందని నలుగురినీ పిలిచాక, వాళ్ళు రాలేదని ఆ మాటను వదిలేసి పోకూడదని నా ఉద్దేశం. మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచి మొగుళ్ళ మౌనాల దాకా మేము మాట్లాడని విషయం లేదు. అంతా ఆ చాపల మీదే.

"ప్రెజెంటేషన్లంటే?" అన్నాను.

"టైమ్ ప్రకారం అండి. పదింటికొకటి, పదకొండింటికొకటి. ఒక్కోటి ఇరవై నిమిషాలు. తెర మీద స్లైడ్లు చూపిస్తూ చెబుతారు. పాలకొల్లు నుంచి ఒక లేడీ డాక్టర్ గారు వస్తానన్నారు. మన వయసు ఆడవాళ్ళకి వచ్చే ఇబ్బందులు... అంటే, మీ వయసు."

"మా వయసు" అన్నాను నేను.

ప్రణతి మా బావగారి కొడుకు సందీప్ భార్య. నాకు కోడలి వరస. బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంట్లోంచే పనిచేస్తుంది. మనుషులు నలుగురితో ఎలా మాట్లాడాలో, ఎలా వినాలో నేర్పడం ఆమె ఉద్యోగమట. అలాంటి ఉద్యోగం ఒకటుందని ఆమె వచ్చేదాకా మాకు తెలియదు.

"టైముకి కూర్చోవాలీ, టైముకి లేవాలీ అంటే అది బడి కదమ్మా. మేము తోటకెళ్ళేదే ఆ గోల తప్పించుకోవడానికి" అన్నాను నవ్వుతూనే.

"పెడదామండి అక్కయ్యగారూ" అని వెనకనుంచి వినిపించింది.

శ్రీసత్య. గుమ్మంలో మామిడిపండు ముక్కల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. "ఎప్పుడూ చాపలేగా" అని, పళ్ళెం ముందు ప్రణతికి ఇచ్చింది.

శ్రీసత్య నా తోటికోడలు, మా మరిది శ్రీనివాసరాజు భార్య. మేడ మీద వాళ్ళు, కింద మేము. వంట ఒక్కటే. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు ఏ ఆలోచన వచ్చినా మొదట తెలిసేది నాకే. మెట్లు దిగి వంటింట్లోకి వచ్చి, పోపు వేగేలోగా చెప్పేసి, నా ముఖం చూసేది. నా ముఖం చూశాకే అది మంచి ఆలోచనో కాదో ఆమెకు తేలేది. మరిదికి కూడా ఆ తర్వాతే తెలిసేది. నాకు ఆడపిల్లలు లేరు. ఉన్నా అంతకంటే ఏం చెబుతారు? అలాంటి మనిషికి చాపలంటే విసుగు పుట్టిందని నాకు ఆ రోజే, అదీ ప్రణతి ముందే తెలిసింది.

* * *

ఆ తర్వాత రెండు వారాలు మధ్యాహ్నం ఎండ కాస్త వాలగానే ప్రణతి స్కూటర్ మా గేటు ముందు ఆగేది. "అత్తయ్యగారూ బాగున్నారా అండి" అని నన్నొక పలకరింపు పలకరించి, "సత్యక్కా!" అంటూ మెట్లెక్కేది.

ఒకరోజు ఆపి చెప్పాను. "వరసకు చినత్తయ్యగారవుతుందమ్మా, అక్క కాదు."

"తెలుసండి. అత్తయ్యగారూ అంటే దూరంగా ఉంటుంది కదా అని."

మరి నేనెంత దూరంలో ఉన్నానో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. పైనుంచి శ్రీసత్య, "పోనిద్దురూ అక్కయ్యగారూ, నాకు వయసు తగ్గినట్టుంది" అని నవ్వింది.

ఆ నవ్వులు మేడ మీదనుంచి కిందికి బాగా వినబడేవి. మాటలు వినబడేవి కావు. మజ్జిగ ఇచ్చే నెపంతో నేను పైకి వెళితే, నా అడుగు ఆఖరి మెట్టు మీద పడేసరికి లాప్‌టాప్ మూత సగానికి దిగేది. ప్రణతి గ్లాసు అందుకుని, "మీ చేతి మజ్జిగ సూపరండి" అనేది. శ్రీసత్య కిటికీలోంచి బయటికి చూసేది. తలుపు చాటున నిలబడి వినేంత చవకబారు మనిషిని కాను. కాబట్టి మెట్లు దిగివచ్చి, వినకుండానే అన్నీ ఊహించుకునేదాన్ని.

మా ఆడపడుచు శ్రీదుర్గకు ఎవరు ఎక్కడ గుచ్చుకుంటే బాధపడతారో బాగా తెలుసు. "ఏంటండీ వదినగారూ, మేడ మెట్లు తెగ ఎక్కి దిగుతున్నారు? మోకాళ్ళకి మంచిదని ఆ వచ్చే డాక్టరు గారు చెప్పారా?" అంది.

"నీళ్ళ ట్యాంకు చూసొచ్చాను."

"మోటారు వేస్తే దానంతటదే నిండుతుంది కదండీ. రోజుకి ఎన్నిసార్లు చూస్తారు?"

ప్రెజెంటేషన్లు వద్దని నేను అనలేదు. వద్దంటే శ్రీసత్య ప్రణతి పక్షాన నిలబడి అడుగుతుంది. అది చూడాల్సి వస్తుంది. అందుకని బాగా ఆలోచించి ఒక పద్ధతి చెప్పాను.

"పెట్టుకోండమ్మా. రోజుకి రెండు, అంతకంటే వద్దు. కానీ మన తీరు మారకూడదు. స్లైడ్లు చూపించేవాళ్ళు కూడా చాప వేసినట్టే లెక్క. అదే సమయానికి ఇంకెవరైనా ఇంకోచోట చాప వేసుకోవచ్చు. మధ్యలో ఎవరు లేచిపోయినా ఏమీ అనుకోకూడదు. అందరూ కదలకుండా కూర్చోవాలంటే మాత్రం కుదరదు."

ప్రణతి ముఖం వెలిగిపోయింది. "పర్ఫెక్ట్ అండి! నేను వారం నుంచీ ఆలోచిస్తున్నా రెండిటినీ ఎలా కలపాలా అని. మీరు ఒక్క మాటలో తేల్చేశారు."

"అక్కయ్యగారి బుర్ర మామూలు బుర్ర కాదు" అంది శ్రీసత్య. చాలా రోజుల తర్వాత నా వైపు చూసి అన్న మాట అది.

నా బుర్రలో ఉన్నది వేరు. మా ఆడవాళ్ళ సంగతి నాకు తెలుసు. పెళ్ళిళ్ళలో పురోహితుడి ఎదురుగానే పది నిమిషాలు కూర్చోరు. తెర ముందు కూర్చోబెట్టి, లేచిపోవచ్చని కూడా చెబితే, మంచినీళ్ళకని ఒకరు, ఫోనొచ్చిందని ఒకరు లేస్తారు. చివరికి ఖాళీ గదిలో ప్రణతీ ఆ తెరా మిగులుతాయి. అప్పుడు శ్రీసత్య ముఖం ఎటు తిరుగుతుందో చూడాలని నా కోరిక.

* * *

తోటకు బయల్దేరిన రోజు శ్రీసత్య నా కారు ఎక్కలేదు. ఏటా నా పక్కన కిటికీ దగ్గర కూర్చుని, పాలకొల్లు దాకా కబుర్లు చెప్పి, ఆ తర్వాత నా భుజం మీద తల వాల్చి నిద్రపోయే మనిషి. ఈసారి ప్రణతి కారులో ప్రొజెక్టర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "కుదుపులకి పాడైపోతుందటండి, ఎవరో ఒకరు పట్టుకోవాలి" అంది. నా పక్కన దోసకాయల బుట్ట ప్రయాణం చేసింది.

తెర చెట్ల మధ్య కడదామనుకున్నారు గానీ పగటి వెలుతురుకు ఏమీ కనబడలేదు. దాంతో పెంకుటింటి హాల్లోకి మార్చారు. మా వారి తెల్ల పంచె ఒకటి గోడకు మేకులతో బిగించారు. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశారు. ఆ హాల్లోనే ఫ్యాన్లున్నాయి. ఈ సంగతి నేను ముందు ఆలోచించలేదు.

మర్నాడు పదింటికి డాక్టరు గారు వచ్చారు. సరిగ్గా అదే సమయానికి నేను సపోటా చెట్టు కింద చాప పరిచి, గొంతెత్తి, "ఒకే పొయ్యి మీద రెండు కాపురాలు ఎలా చెయ్యాలో మాట్లాడతాను" అన్నాను. మా కుటుంబాల్లో ఆ విషయం మీద నాకున్న అధికారం ఇంకెవరికీ లేదు. వేరుకాపురాలు పెట్టిన ఇళ్ళవాళ్ళు కూడా నన్నే అడుగుతారు, మీ ఇంట్లో ఎలా కుదిరిందని.

ఎవరూ రాలేదు. శ్రీదుర్గ హాలు గుమ్మం దగ్గర ఆగి, "వదినగారూ, ఇప్పుడే వస్తానండి, ఇదేంటో కాస్త చూసి" అని లోపలికి పోయింది. శ్రీసత్య దుప్పటి సర్దుతూ కనిపించింది. నన్ను చూసింది. చెయ్యి ఊపింది. దుప్పటి మూసేసింది.

ఎండ సపోటా ఆకుల సందుల్లోంచి జరిగి జరిగి నా ఒళ్ళోకి వచ్చింది. నేనూ జరిగాను. హాల్లోంచి ఒకసారి నిశ్శబ్దం, ఒకసారి విరగబడి నవ్వులు. ఆ డాక్టరు గారు ఏం చెబుతున్నారో, మా వయసు ఇబ్బందుల్లో అంత నవ్వేది ఏముందో నాకు అర్థం కాలేదు. ఒక్కరూ బయటికి రాలేదు. మంచినీళ్ళకు కూడా.

వంటకని నరసాపురం నుంచి పిలిపించిన లోవమ్మ చాలాసేపటికి హాల్లోంచి బయటపడి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ నా దగ్గర ఆగింది.

"ఏటండమ్మగారూ, ఎండలో ఒక్కరే కూకున్నారు?"

"చాప వేశాను కదా లోవమ్మా. కాఫీ వచ్చేదాకా లేవకూడదు."

"అయ్ బాబోయ్! కాఫీ ఎట్టాల్సింది నానే కదండీ. ఆ డాక్టరమ్మగారు బొమ్మలు చూపిత్తన్నారని నానూ లోపలే కూకుండిపోయాను. పాలింకా పొయ్యి మీదెట్టలేదండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె పాలు పెట్టి, డికాషన్ దించి, కలిపి తెచ్చేదాకా నేను ఆ చాప మీదే ఉన్నాను.

కాఫీల దగ్గర ప్రణతి సంబరంగా వచ్చి నా పక్కన కూర్చుంది. "మీ ఐడియా ఎంత బాగా పనిచేసిందో చూశారా అండీ! ఎప్పుడంటే అప్పుడు లేచిపోవచ్చని ముందే చెప్పాం కదా, దాంతో ఎవరికీ లేవాలనిపించలేదు. మా ఆఫీసులో తలుపులేసి కూర్చోబెడతాం, అందరూ ఫోన్లు చూస్తుంటారు."

"మంచిదమ్మా."

"రేపు మాత్రం మీరు చాప వెయ్యకండి అత్తయ్యగారూ. ముందు వరసలో కూర్చోవాలి మీరు. పదకొండింటికి సత్యక్కది కదా."

కాఫీ గ్లాసు నా చేతిలో ఉంది. "ఎవరిది?" అన్నాను.

ప్రణతి నా ముఖం చూసింది. ఆమె ముఖంలో సంబరం మెల్లగా దిగిపోయింది. "మీకు... చెప్పలేదా అండి?"

"చెప్పింది, చెప్పింది" అన్నాను. "రేపేనని మర్చిపోయాను."

ఆ పిల్లలో కుట్ర ఏమీ లేదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసినందుకు ఇంకా కోపం వచ్చింది.

సాయంత్రమంతా నేను శ్రీసత్యకు వీలు కల్పిస్తూనే ఉన్నాను. ఆమె మల్లెమొగ్గలు కడుతుంటే వెళ్ళి దారం అందించాను. గట్టు మీద ఒంటరిగా నడిచాను, వెనకాల వస్తుందేమోనని. వచ్చింది కూడా. కాసేపు నది వైపు చూసింది. అవతలి ఒడ్డున కోనసీమ కొబ్బరిచెట్లు నల్లబడుతున్నాయి.

"అక్కయ్యగారూ" అంది.

"చెప్పు."

"దోమలు బాగా ఉన్నాయండి. లోపలికి వెళదామా?"

* * *

మర్నాడు పదకొండవుతుండగా నేను చాప ఒకటి చంకలో పెట్టుకునే ఉన్నాను. నేను సపోటా చెట్టు కిందికి పోయి కూర్చుంటే, నిన్న రాలేదన్న మొహమాటానికి ఒకరిద్దరైనా నా వెంట వస్తారు. హాల్లో ఆ మేరకు ఖాళీ కనబడుతుంది. ఆ పని చెయ్యగలను. చెట్టు దాకా నడిచాను కూడా. మళ్ళీ వెనక్కి వచ్చి, చాప చంకలోంచి తియ్యకుండానే హాల్లో అందరికంటే వెనక, గుమ్మం పక్కన నిలబడ్డాను.

పంచె మీద ఒక చెరువు బొమ్మ వెలిగింది. దాని పక్కన శ్రీసత్య. ఆకుపచ్చ నేత చీర కట్టుకుంది. ఆ చీర నేనెప్పుడూ చూడలేదు.

"నేను చెప్పబోయేది చెరువు నీళ్ళ గురించండి" అని మొదలుపెట్టింది. "నేను మైక్రోబయాలజీ చదువుకున్నానని మీలో కొందరికి తెలియదు. నాకే గుర్తుండేది కాదు."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఆమె కుదుటపడింది. చెరువు పైకి ఎంత తేటగా ఉన్నా లోపల ఏముంటుందో, ఉప్పు ఎక్కువైతే రొయ్య ఎలా ప్రవర్తిస్తుందో, మేత ఎందుకు ముట్టదో ఒక్కొక్క బొమ్మా చూపిస్తూ చెప్పింది. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ అంతర్వేది వైపు లీజుకు తీసుకున్న చెరువులకు శ్రీనివాసరాజుతో కలిసి తెల్లవారకముందే వెళుతున్నానని, నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షలు చేస్తున్నానని చెప్పింది. ఆ చీకటి ప్రయాణాలన్నీ పాలకొల్లు పుట్టింటికని అప్పట్లో నాతో చెప్పింది. వాళ్ళమ్మకు ఒంట్లో బాగోలేదని ఎన్నిసార్లు నేను కారప్పొడీ నిమ్మకాయ ఊరగాయా కట్టిచ్చానో!

అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాన్లు నెమ్మదించి ఆగిపోయాయి. గోడ మీద చెరువు పోయి మా వారి పంచె మిగిలింది. చీకటి, ఉక్క. "ఇన్వర్టర్ లేదాండీ వదినగారూ?" అంది శ్రీదుర్గ. "సాయంత్రానికి మార్చేద్దామా అక్కా?" అంది ప్రణతి. అందరి తలలూ నా వైపు తిరిగాయి. తోటలో ఏం జరిగినా తేల్చేది నేనే కాబట్టి తిరిగాయి. శ్రీసత్య కూడా నా వైపే చూస్తోంది. ఆమె మాట మధ్యలో తెగి ఉంది. "తెల్లవారుజామున రొయ్య పైకి తేలుతోందంటే... నీళ్ళలో..." అని మాట కోసం వెతుక్కుంటోంది.

ఆ మాట నాకు తెలుసు. నేనూ బీయస్సీ చదివినదాన్నే. నాలుక మీదికి వచ్చేసింది. ఇంకో రోజైతే ఈపాటికి అనేసేదాన్ని కూడా. ఆమె, "అదేనండి, అక్కయ్యగారు చెప్పినట్టు" అనేది.

నేను కదలగానే వెళ్ళిపోతున్నాననుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్ళి దుప్పటి ఊడలాగాను. తర్వాత రెండోది, మూడోది. వెలుతురు వచ్చి శ్రీసత్య మీద పడింది. దుప్పట్లు ఒళ్ళో వేసుకుని, దొరికిన చోట కింద కూర్చున్నాను.

"నీళ్ళలో దానికి ఊపిరాడ్డం లేదని" అంది శ్రీసత్య.

ఆ తర్వాత ఆమెకు తెర అక్కర్లేకపోయింది. చేతులతోనే చెరువు గీసి చూపించింది. ఎవరూ కదల్లేదు. చెమటలు కారుతున్నా ఎవరూ విసనకర్ర కూడా ఊపలేదు. చివర్న, చాలా మామూలుగా, "అందుకని జూన్‌లో కాలవలకు నీళ్ళు వదిలేలోగా మలికిపురంలో నీటి పరీక్షల ల్యాబ్ తెరుస్తున్నామండి. తెల్లవారకముందే పని మొదలవుతుంది కాబట్టి మేమూ అక్కడే ఉంటాం" అంది.

మలికిపురమంటే నదికి అవతల.

మొదట చప్పట్లు కొట్టింది ప్రణతి. "ప్రశ్నలుంటే చెయ్యెత్తి అడగండి, ఒక్కొక్కరు ఒక్కటే" అంది. ఎన్ని రోజులకోసారి పరీక్ష చేయించాలని ఒకరడిగారు. మా చెరువుకి కూడా వచ్చి చూస్తారా అని ఇంకొకరు. నేను చెయ్యెత్తాను. నా ఇంట్లో, నా తోటలో, చెయ్యెత్తి నా వంతు కోసం ఆగాను.

"చెప్పండి అత్తయ్యగారూ" అంది ప్రణతి.

"అక్కడ నీకు వంటెవరు చేస్తారు?" అన్నాను.

గొల్లుమన్నారంతా. వదినగారి చమత్కారం ఎక్కడికి పోతుందని శ్రీదుర్గ నా వీపు తట్టింది. శ్రీసత్య మాత్రం నవ్వలేదు.

"నేనేనండి" అంది.

* * *

ఆ సాయంత్రం గట్టు మీద నేనే అడిగాను.

"నాతో ముందు ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"చెప్పబోయానండి. రెండేళ్ళ కిందట ఇక్కడే చాప కూడా వేశాను. మీకు గుర్తుండదు."

"ఎందుకుండదు? నేనొచ్చి కూర్చున్నాను కదా."

"అవునండి. మీరే మొదట వచ్చి కూర్చున్నారు." ఆమె గట్టు మీది పుల్లను విరుస్తోంది. "నేను చెరువులూ అనగానే మీరు, మీ పెళ్ళైన కొత్తలో బావగారు చెరువులో జారిపడ్డ సంగతెత్తారు. ఎంత బాగా చెప్పారో! అందరూ నవ్వీ నవ్వీ అలిసిపోయారు. నేనూ నవ్వాను. ఈలోగా కాఫీ వచ్చేసింది."

"నన్నాగమని ఒక్క మాట అంటే ఆగేదాన్ని కదా."

"మిమ్మల్నా?" అంది.

నేను, "ప్రణతి అంత గొప్ప పని ఏం చేసింది?" అన్నాను. గొంతులో మామూలుతనం ఉంచాలని చాలా ప్రయత్నించాను.

"ఏమీ చెయ్యలేదండి. ఇరవై నిమిషాలిచ్చింది. ఆ ఇరవై నిమిషాలూ ఎవరూ మాట్లాడరని చెప్పింది. అంతే."

ఇరవై నిమిషాలు! నేను ఆమెకు నా వంటిల్లిచ్చాను. నా పొద్దుటి పూటలన్నీ ఇచ్చాను. ఆమె మొదటి కాన్పుకు నెల రోజులు ఆమె మంచం పక్కన చాప మీద పడుకున్నాను. అవన్నీ ఒకవైపు, ఈ పిల్ల గడియారం చూసి ఇచ్చిన ఇరవై నిమిషాలు ఒకవైపు. అంత మాటా నాలోనే ఉంచుకుని, "దోమలు బాగా ఉన్నాయి, పద" అన్నాను.

జూన్‌లో నీళ్ళు వదిలే ముందు వాళ్ళ సామాను వ్యానులో వెళ్ళింది. ఒకే వంటింట్లో రెండు కాపురాల గిన్నెలు కలిసిపోయి ఉన్నాయి. ఏది ఎవరిదో విడదియ్యడానికి కూర్చుంటే ఇద్దరికీ తెలియలేదు. "మీ దగ్గరే ఉంచండి" అంటే "నువ్వే తీసుకెళ్ళు" అనుకుంటూ, చివరికి ఇద్దరమూ కొత్తవి కొనుక్కున్నాం. ప్రణతి వచ్చి గాజు పరికరాలన్నీ పాత గుడ్డల్లో చుట్టి పెట్టెల్లో సర్దింది. చాలా జాగ్రత్తగా సర్దింది. ఒక్కటైనా పగలగొడుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను. పగలగొట్టలేదు.

ఆ తర్వాత చాలా రోజులు అన్నం మిగిలిపోయేది. మా వారు ఆదినారాయణరాజు గారు ఏ విషయమైనా ఆలస్యంగా గమనిస్తారు. "బియ్యం కాస్త తగ్గించి పొయ్యరాదూ?" అన్నారు. తగ్గిస్తే కూర మిగిలేది.

ఆషాఢం మధ్యలో ఒకరోజు, ఎవరికీ చెప్పకుండా, ఒక సీసా నిండా నీళ్ళు పట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. చించినాడ వంతెన మీంచి చూస్తే నది ఎర్రగా ఉంది. పైన వరద మొదలైనట్టుంది.

మలికిపురంలో ల్యాబ్ ఒక ఎరువుల కొట్టు పక్కన చిన్న గది. బయట బెంచీ మీద సీసాలు పట్టుకుని రైతులు. లోపల శ్రీసత్య తెల్లకోటు వేసుకుని, తలొంచుకుని పనిచేస్తోంది. నేనూ బెంచీ చివర నిలబడ్డాను. నా వంతు వచ్చాక సీసా బల్ల మీద పెట్టాను.

"చెరువు ఏ ఊరండీ?" అంది తలెత్తకుండా.

"భీమవరం."

తలెత్తింది. "కూర్చోండి అక్కయ్యగారూ" అని, అందరి సీసాలూ తీసుకున్నట్టే నాదీ తీసుకుంది. ఒక చుక్క అద్దం మీద వేసి, పరికరాన్ని వెలుతురుకు ఎత్తి కన్ను పెట్టి చూసింది. తుడిచింది. మళ్ళీ వేసి చూసింది.

"ఉప్పు అసలు లేదండి. ఇది ఏ చెరువుదీ?"

వెనకనుంచి ఒక రైతు, "ఉప్పే లేదాండీ! ఎక్కడండమ్మా ఆ చెరువు? లీజుకేమైనా ఇత్తారా?" అన్నాడు.

"మన డాబా మీది ట్యాంకుది" అన్నాను నెమ్మదిగా, ఆమెకు మాత్రమే వినబడేలా.

బల్ల మీద ఆమె ఫోన్ మోగింది. ప్రణతి పేరు. శ్రీసత్య తీసి, "అక్కయ్యగారొచ్చారు ప్రణతీ, మళ్ళీ చేస్తాను" అని పెట్టేసి, ఫోన్ మోత ఆపేసింది. సీసా మూత బిగిస్తూ, "ఈ నీళ్ళలో రొయ్య బతకదండి" అంది.

"మేము బతుకుతున్నాంలే."

ఆమె కళ్ళద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకుంది. చాలాసేపే తుడిచింది. "ఇంకో ముగ్గురున్నారండి. ఆగగలరా? నేనింకా అన్నం తినలేదు."

ఆగగలనన్నాను. లీజు అడిగినాయన జరిగి, బెంచీ మీద నాకు చోటిచ్చాడు. శ్రీసత్య తర్వాతి సీసా తీసుకుని వెలుతురుకు తిరిగింది. బల్ల మీద ఫోన్ మోత లేకుండా మళ్ళీ వెలిగింది. అదే పేరు. శ్రీసత్య చూడలేదు. నేను చూశాను.